చిన్నవాళ్ళ సైకిళ్ళతో గోపాల్‌పూర్‌కి వనభోజనం

16 అంగుళాల చక్రాలున్న పిల్లల సైకిల్‌ని ఓసారి తలకిందులుగా నిలబెట్టి, చైన్ తిరిగే పళ్ళచక్రాలు రెండింటికీ పళ్ళు లెక్కపెట్టండి. చాలావాటికి ముందు 28, వెనక 16 ఉంటాయి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఒకటీ ముప్పావు చుట్లు తిరుగుతుందన్నమాట. టైరుతో కలిపి ఆ చక్రం చుట్టుకొలత మీటరుంబావుకి కాస్త తక్కువ. అంటే ఒక చుట్టుకి పిల్లవాడు ముందుకెళ్ళేది 2 మీటర్ల 17 సెంటీమీటర్లు. పెద్దవాళ్ళ 28 అంగుళాల సైకిల్‌కి ముందు 44, వెనక 18 పళ్ళుంటే ఒక చుట్టుకి 5 మీటర్ల పైనే పోతుంది. 5 కిలోమీటర్లకి నాన్న పెడలు 930 సార్లు తిప్పితే, పక్కన యూకేజీ చదివే కొడుకు 2300 సార్లు తిప్పాలి.

ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో సైకిళ్ళ మీద పిక్నిక్ అనగానే అందరి నోటా వచ్చే మాట సముద్రపు ఒడ్డునున్న గోపాల్‌పూర్. 15, 16 కిలోమీటర్లే కదా, చదునైన రోడ్డే కదా అనుకుంటారు. నిజమే, పెద్దవాళ్ళకి గంట పని. అదే దూరం రానూపోనూ ఆ చిన్న సైకిల్ మీదైతే 14 వేల పైచిలుకు తొక్కుళ్ళు. సగం దారిలో పిల్లవాడు దిగి కూర్చున్నాడంటే అది మొండితనం కాదు, కాళ్ళు అయిపోయాయి. దూరం, బయల్దేరే వేళ, మోసుకెళ్ళే బరువు, చివరికి తిండి కూడా గుంపులో అందరికంటే చిన్న చక్రాన్ని బట్టే తేల్చుకోవాలి.

లెక్క కావాలంటే ఇలా వేసుకోండి. పిల్లలు హాయిగా తొక్కేది నిమిషానికి 60 చుట్లు. 16 అంగుళాల సైకిల్ మీద అది గంటకి 8 కిలోమీటర్ల లోపు. 5 కిలోమీటర్లకి తొక్కేదే 40 నిమిషాలు. దారిలో మేక కనిపించి ఆగడం, నీళ్ళు, చెప్పులో ఇసుక, అన్నీ కలిపితే గంటంబావు. 12 అంగుళాల సైకిల్ మూడు నాలుగేళ్ళవాళ్ళది, అది దారికి పనికొచ్చే బండి కాదు. పిక్నిక్ చోట ఆడుకోవడానికే తీసుకెళ్ళండి. 5, 6 ఏళ్ళవాళ్ళకి రోజంతటికీ కలిపి 5, 6 కిలోమీటర్లు చాలు. 20 అంగుళాల సైకిల్ తొక్కే ఏడెనిమిదేళ్ళవాళ్ళు 10 కిలోమీటర్లు పోగలరు, మధ్యలో గంటన్నర ఆట దొరికితే.

ఇక దారి. బరంపురం నుంచి సముద్రం వైపు వెళ్ళాలంటే 16వ నంబరు జాతీయ రహదారిని దాటాలి. చెన్నై, కోల్‌కతా లారీలన్నీ దాని మీదే పోతాయి. చిన్నపిల్లల సైకిళ్ళతో ఆ పని పెట్టుకోవద్దు. సైకిళ్ళని ట్రాలీ ఆటోలోనో, ఇక్కడందరూ ఛోటా హాతీ అనే చిన్న లారీలోనో వేసి, గోపాల్‌పూర్ ఇంకా రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా దించుకోండి. అక్కణ్ణుంచి తొక్కుకుంటూ వెళ్ళి, భోజనాలయ్యాక అంతే దూరం వెనక్కి వచ్చి మళ్ళీ బండెక్కించండి. ఊళ్ళో నుంచే తొక్కుకుంటూ పోవాలనే పట్టుదల పెద్దవాళ్ళదే, పిల్లలకి అలాంటి పట్టింపు ఉండదు.

బండిలో వేసేటప్పుడు ఎక్కువగా పాడయ్యేవి చక్రాల పుల్లలు (స్పోకులు), బ్రేకు తీగలు. ఒక సైకిల్ ముందుకి, దాని పక్కది వెనక్కి తిప్పి పెడితే హ్యాండిళ్ళు ఒకదానికొకటి తగలవు. ఒకదాని పెడలు పక్కదాని పుల్లల్లోకి దూరకుండా మధ్యలో గోనెసంచి మడిచి పెట్టాలి. తాడు ఫ్రేముకి కట్టాలి. చక్రం పుల్లలకి కడితే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే రెండు వంగుతాయి, చక్రం అష్టవంకర్లు పోతుంది. గేర్ల సైకిల్ ఉంటే పడుకోబెట్టొద్దు, తప్పదంటే గేరు ఉన్న వైపు పైకి ఉండాలి. దించాక ప్రతి సైకిల్ ముందు చక్రాన్నీ మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూడండి. కదిలిందంటే హ్యాండిల్ బోల్టు వదులైంది. బండి కుదుపులకి వదులయ్యేది ముందుగా అదే.

స్కూటర్ ఉన్నవాళ్ళు ఒకరు దాని మీద సామాన్లు వేసుకుని వెనక రావడం మంచి ఏర్పాటు. అలిసిపోయిన పిల్లని స్కూటర్ ఎక్కించుకోవాల్సి వస్తే, నాలుగేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్, నడిపేవాళ్ళకి కట్టి ఉంచే బెల్టు ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ కేంద్రం 2022లో తెచ్చిన నిబంధన. హెల్మెట్ ఎలాగూ తెచ్చుకుంటారు, బెల్టు కూడా సంచిలో వేసుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి? వనభోజనాలంటే కార్తీకమే అని మనవాళ్ళ లెక్క. ఉసిరిచెట్టు కింద ఆకు వేయాలి కాబట్టి ఆ నెల. గంజాం జిల్లాలో దానికి రెండు చిక్కులున్నాయి. ఒకటి తుఫానులు. ఫైలిన్ తీరం దాటింది 2013 అక్టోబరు 12న, గోపాల్‌పూర్ దగ్గరే. 2018 అక్టోబరు 11న తిత్లీ మన పలాస దగ్గర దాటింది. అక్టోబరులో ముహూర్తం పెట్టుకుంటే వాతావరణ శాఖ హెచ్చరిక చూడకుండా కదలొద్దు. సముద్రం మీద అల్పపీడనం అన్న మాట వినబడితే ఆ వారం వదిలేయండి. రెండోది కార్తీకపున్నమి. ఆ తెల్లవారుజామున ఒడియావాళ్ళు బొయితా బందాణ అని చెరువుల్లో, ఏట్లో, సముద్రంలో అరటి దొప్పల పడవలు వదులుతారు. పిల్లలకి చూపించాల్సిన పండగే. కానీ నడిచి వెళ్ళి చూడండి, ఆ జనంలోకి సైకిళ్ళొద్దు. ఇంకో మాట, పక్కింటి ఒడియావాళ్ళు కూడా వస్తున్నారంటే పున్నమితో ముగిసే వాళ్ళ కార్తీకం నెల్లాళ్ళూ వాళ్ళలో చాలామంది నీచు ముట్టరు. పున్నమి వెళ్ళిన మర్నాడు ఛాడఖాయి, ఆ రోజు మాంసం కొట్ల దగ్గర వరస చూస్తే తెలుస్తుంది నెలంతా ఎలా ఆగారో. కోడిగుడ్లు ఉడకబెట్టుకుని బయల్దేరేముందు ఇది గుర్తుండాలి.

నన్నడిగితే డిసెంబరు రెండో వారం నుంచి జనవరి చివరిదాకా మేలు. ఉసిరిచెట్టు నియమం లేదనుకుంటే సరి. చీకటి మాత్రం తొందరగా పడుతుంది, డిసెంబరులో సాయంత్రం 5:15 కల్లా పొద్దు గూకుతుంది. మనం ఇటు తూర్పున ఉన్నాం, హైదరాబాదు వేళలు చూసుకుంటే దెబ్బతింటారు. ఉదయం ఏడుకి సైకిళ్ళు దించి, తొమ్మిదిలోపు తోట చేరి, పదకొండుకి భోజనాలు పెట్టి, రెండింటికల్లా తిరుగు దారి పట్టేలా చూసుకోండి.

ఆ వేళలు గాలిని చూసి పెట్టినవి. తీరంలో తెల్లవారుజామున నేల సముద్రం కన్నా చల్లగా ఉంటుంది కాబట్టి గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. పొద్దెక్కి నేల కాగాక తిరగబడి సముద్రం మీంచి లోపలికి వస్తుంది. బరంపురం గోపాల్‌పూర్‌కి వాయవ్యంగా ఉంది కాబట్టి, పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం తిరిగొస్తే చాలా రోజులు రెండు వైపులా గాలి వీపున ఉంటుంది. తాపీగా పదింటికి బయల్దేరితే వెళ్ళేటప్పుడు ఎదురుగాలి తప్పదు. పెద్దవాళ్ళకి అది తెలియను కూడా తెలియదు. 18 కిలోల పిల్లకి మాత్రం ఎవరో వెనక్కి లాగుతున్నట్టే ఉంటుంది.

సైకిళ్ళ తనిఖీ బయల్దేరే పొద్దున పెట్టుకోవద్దు, ముందురోజు సాయంత్రం చేయండి. ఏదైనా పాడైతే సైకిల్ షాపు తెరిచి ఉండేది అప్పుడే. ముందు బ్రేకులు. పిల్లల సైకిళ్ళకి బ్రేకు లివరు చేతికందనంత దూరంగా ఉండటం మామూలే. పెద్దవాళ్ళు నొక్కి చూసి బాగుందంటారు, పిల్లవాడి వేళ్ళు అక్కడికి చేరవు. లివరు మొదట్లో చిన్న మర ఉంటుంది, దాన్ని లోపలికి తిప్పితే లివరు హ్యాండిల్ దగ్గరికి వస్తుంది. బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య 2, 3 మిల్లీమీటర్లే ఉండాలి. పిల్లవాడినే ఒక్క చేత్తో నొక్కమని, మీరు సైకిల్‌ని ముందుకి తొయ్యండి. వెనక చక్రం తిరక్కుండా ఈడ్చుకొస్తే బ్రేకు పడినట్టు. తిరిగిందంటే ఎంత కొత్త సైకిలైనా ఆ పిల్లవాడికి బ్రేకు లేనట్టే.

గేర్లు లేని సైకిల్‌కి చైన్ మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఆడాలి. అంతకన్నా ఆడితే గతుకులో ఊడుతుంది. చైన్ మాటిమాటికీ ఊడుతోందంటే చైన్‌ని తిట్టి లాభం లేదు, వెనక ఇరుసు నట్లు వదులై చక్రం ముందుకి జరిగి ఉంటుంది. రెండు నట్లూ వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి, ఫ్రేము మధ్యలో నిటారుగా నిలబెట్టి, అటొకసారి ఇటొకసారి కొద్దికొద్దిగా బిగించండి. ఒక వైపు పూర్తిగా బిగించేసి రెండో వైపుకి వెళితే చక్రం వంకరగా కూర్చుని టైరు ఫ్రేముకి రాసుకుంటుంది. ఆ నట్లకి సరిపడే పానా ఒకటి దారికీ తెచ్చుకోవాలి.

పక్క చక్రాలున్న సైకిళ్ళ మాట. సిమెంటు వాకిట్లో బాగానే ఉంటాయి. రోడ్డు అంచున మాత్రం, మధ్యలో కొంచెం పల్లం వస్తే రెండు పక్క చక్రాలూ గట్ల మీద నిలబడి, అసలు వెనక చక్రం గాల్లో ఉత్తినే తిరుగుతుంది. పిల్లవాడు తొక్కుతూనే ఉంటాడు, సైకిల్ కదలదు. వెనక బ్రేకు కూడా అప్పుడు పని చేయదు. పక్క చక్రాలు తీసేస్తే తొక్కలేని పిల్లల్ని పెద్దవాళ్ళ సైకిల్ మీద సీటులో కూర్చోబెట్టి తీసుకెళ్ళడమే మంచిది.

ఆ సీటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కుటుంబంతో సైకిల్ ప్రయాణాల్లో ఘోరమైన దెబ్బ అక్కడే తగులుతుంది. ఏడాది నిండని పిల్లల్ని సైకిల్ ఎక్కించవద్దు, హెల్మెట్ బరువు మోసే మెడ వాళ్ళకి ఇంకా రాదు. తర్వాత వెనక క్యారేజీకి బిగించే సీటు, నడుముకీ భుజాలకీ బెల్టులున్నది, కాళ్ళు పెట్టుకునే తొట్టెలున్నది కావాలి. ఎంత బరువుదాకా మోస్తుందో దాని అడుగున అచ్చు వేసి ఉంటుంది, చూసి కొనండి. ఉత్త క్యారేజీ మీద దిండు వేసి కూర్చోబెట్టడం మన ఊళ్ళలో తరాలనుంచీ ఉంది. తరాలనుంచీ మడమలు చక్రంలో పడుతూనే ఉన్నాయి. పిల్ల నిద్రలోకి జారుతుంది, కాలు లోపలికి వాలుతుంది, పుల్లకీ ఫ్రేము కడ్డీకీ మధ్య మడమ నలుగుతుంది. వెనక చక్రానికి రెండు వైపులా గట్టి ప్లాస్టిక్ వల, లేదా పాత ప్లాస్టిక్ అట్టని గుండ్రంగా కోసి తీగతో కడితే ఈ ప్రమాదం దాదాపు పోతుంది. చీరకొంగులు, చున్నీలూ అదే వలతో బయటపడతాయి.

ఒకవేళ కాలు పడనే పడితే, కాలు పట్టుకుని లాగొద్దు. సైకిల్‌ని కదలకుండా పట్టుకుని, చక్రాన్ని వెనక్కి మెల్లగా తిప్పండి. రాకపోతే పుల్లలు కోసేయండి, పుల్ల ఖరీదు ఎంతని. తాగేనీళ్ళతో బాగా కడిగి, శుభ్రమైన గుడ్డ చుట్టి, ఆ రోజే డాక్టరుకి చూపించండి. పైకి గీరుకున్నట్టే కనిపించినా నలిగిన చర్మం రెండు మూడు రోజులకి నల్లబడి ఊడిపోవచ్చు. లోపల ఎముక సంగతి కంటికి తెలియదు.

ఇంకో దెబ్బ సైకిల్ ఆగి ఉన్నప్పుడు తగులుతుంది. సీటులో పిల్లని ఉంచి స్టాండు వేసి చెప్పు సర్దుకోవడానికి వంగుతారు. పైన 12 కిలోల బరువు, కింద ఒంటికాలి స్టాండు. బెల్టు కట్టి ఉంది కాబట్టి సైకిల్‌తో పాటే పిల్లా పడుతుంది, తల మీద. పిల్ల సీటులో ఉన్నంతసేపూ ఒక చెయ్యి సైకిల్ మీదే ఉండాలి. దించేటప్పుడు ముందు పిల్ల, తర్వాత స్టాండు.

హెల్మెట్‌ని కొప్పులా వెనక్కి పెట్టడం అందరూ చేసే తప్పు. కనుబొమల పైన రెండు వేళ్ళ వెడల్పు మాత్రమే నుదురు కనిపించాలి. పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒక వేలు దూరాలి. ఆడపిల్లకి రెండు జడలు కిందికి వేయండి. నడినెత్తిన పిలక పెడితే హెల్మెట్ దాని మీద తేలుతూ ఉంటుంది.

రోడ్డెక్కాక వరస ఇలా ఉండాలి: ముందు ఒక పెద్ద మనిషి, మధ్యలో పిల్లలు, ఆఖర్న ఇంకో పెద్ద మనిషి. ఆఖరివాళ్ళు పిల్లల వెనకే కాకుండా ఒక అడుగు కుడివైపుకి ఉండాలి, అప్పుడు వెనక నుంచి వచ్చే బండి పక్కకి తప్పుకుని పోతుంది. వేగం నిర్ణయించేది ముందున్నవాళ్ళు కాదు, చిన్న చక్రం. మాటలు ముందే అనుకోండి, మూడు చాలు: "ఆగు", "ఎడమకి", "గొయ్యి". మన వైపు గుంట అంటే పిల్ల కూడా కాబట్టి రోడ్డు మీద "గుంటా!" అని అరిస్తే గొయ్యి చూడాల్సిన పిల్ల వెనక్కి తిరిగి మీ మొహం చూస్తుంది. రోడ్డు దాటాల్సిన ప్రతిచోటా అందరూ దిగి నడిపించుకుంటూ దాటడమే.

సంచులు హ్యాండిల్‌కి తగిలించవద్దు. ఊగిన సంచి ముందు చక్రంలో పడితే సైకిల్ ఠక్కున ఆగి మనిషి హ్యాండిల్ మీంచి ముందుకి పోతాడు. బరువంతా క్యారేజీకి రెండు వైపులా కిందికి వేలాడే జంట సంచుల్లో వేయాలి, బరువు ఎంత కిందికి ఉంటే సైకిల్ అంత నిలకడగా ఉంటుంది. ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలకి తాగడానికి నాలుగున్నర లీటర్లు, చేతులూ పుళ్ళూ కడగడానికి రెండు లీటర్లు తీసుకెళితే ఆరున్నర కిలోలు నీళ్ళ బరువే. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు వేసుకోండి. పొట్లం మీద లీటరుకి అని ఉంటే మొత్తం లీటరులోనే కలపాలి. అరగ్లాసులో చిక్కగా కలిపి తాగిస్తే మేలు చేయకపోగా కీడు.

పంచర్లు మన తీరంలో ఎక్కువగా పల్లేరుకాయల వల్ల. రోడ్డు దిగి మట్టి అంచున పోతే చాలు, టైరుకి నాలుగైదు అతుక్కుంటాయి. లాగేటప్పుడు ముల్లు విరిగి లోపలే ఉండిపోతుంది, తర్వాత ట్యూబు మార్చినా అదే చోట మళ్ళీ పొడుస్తుంది. అందుకే అతుకు వేసేముందు టైరు లోపలంతా గుడ్డతో తుడవాలి, ముల్లు గుడ్డని పట్టేస్తుంది. వేళ్ళతో తడమకండి. చిల్లు ఎక్కడుందో చూస్తే కారణం తెలుస్తుంది. ట్యూబు బయటివైపు ఒకే చిల్లైతే ముల్లో మేకో. పక్కపక్కన రెండు చిల్లులుంటే గాలి తక్కువై గొయ్యిలో టైరు రిమ్ముకి నలిగింది. లోపలివైపు చిల్లైతే పుల్ల తల గుచ్చుకుంది, రిమ్ము పట్టీ జరిగి ఉంటుంది. వెనక సీటులో పిల్ల ఉంటే వెనక టైరుకి గాలి మామూలు కన్నా ఎక్కువ కావాలి. టైరు పక్కన అచ్చు వేసిన రెండు అంకెల్లో పెద్దదాని దగ్గరగా కొట్టించండి.

అతుకు ఊడిపోవడానికి ఒకటే కారణం, తొందర. ఎమరీ కాగితంతో ట్యూబుని మెరుపు పోయేదాకా రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, వేలికి తడి అంటనంతవరకూ ఆగాలి. ఐదు నిమిషాలు పడుతుంది. తడిగా ఉండగానే అంటిస్తే అది జిగురుగా పనిచేయదు, జారుడుబల్లగా పనిచేస్తుంది.

అసలు పంచరే కాకపోవచ్చు కూడా. పాతకాలపు సైకిళ్ళకి వాల్వ్ లోపల సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది, వాల్వ్ ట్యూబు. అది ఎండి చీలితే రాత్రికి రాత్రి గాలి దిగిపోతుంది. వాల్వ్ నోటికి కాస్త ఉమ్మి రాయండి. బుడగ లేచిందంటే ట్యూబు విప్పక్కర్లేదు, వాల్వ్ ట్యూబు ఒక్కటి మారిస్తే చాలు. ఒక జానెడు ముక్క జేబులో వేసుకోండి.

గోపాల్‌పూర్ చుట్టుపక్కల తీరం పొడవునా సరుగుడు తోటలు, జీడితోటలు, మొగలి పొదలు. సరుగుడు నీడ బాగుంటుంది, కానీ కిందంతా ఎండిన పుల్లాకు, నిప్పురవ్వ పడితే చాలు. స్టవ్వు వెలిగించే ఆలోచన మానేయండి, వేడి టీ కావాలంటే ఫ్లాస్కులో తెచ్చుకోవాలి. సరుగుడు కాయలు ఒట్టి కాళ్ళకి గుచ్చుకుంటాయి, పిల్లల చెప్పులు విప్పనీయొద్దు. గంజాం మొగలిపువ్వుకి భౌగోళిక గుర్తింపు ఉంది, అత్తరు బట్టీలకి పోయేది అదే. వాసనకి పిల్లలు పొదలోకి పరిగెత్తుతారు. మొగలి ఆకుకి రెండంచులా, మధ్య ఈనె కిందా ముళ్ళుంటాయి, కొక్కేల్లా వంగి. ఆకుల్లోకి చెయ్యి పెడితే చీరుతుంది. పాముల మాట పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, పొద అడుగున ఎలుకలు, కప్పలు ఉంటాయి మరి. పొదలకి పది గజాల దూరంలో దుప్పటి పరచండి. జీడితోట ఎవరిదో ఒకరిదై ఉంటుంది, అడిగి కూర్చోండి.

తిండికి పులిహోరకి మించింది లేదు, కారణం పులుపు. రెండు గ్లాసుల బియ్యానికి నిమ్మకాయంత కాదు, పెద్ద ఉసిరికాయలు రెండంత చింతపండు, గుజ్జు నూనె తేలేదాకా ఉడికించాలి. పులిహోర పాడయ్యేది డబ్బాలో పట్టిన ఆవిరి వల్ల. అన్నం వెడల్పాటి పళ్ళెంలో పరచి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. మూత లోపల చెమట కనిపించిందంటే తొందరపడ్డారు. పెరుగన్నం ఒక గ్లాసు బియ్యంతో: అన్నం మెత్తగా మెదిపి, రెండు గ్లాసులు గోరువెచ్చటి పాలు పోసి, ఒక చెంచా పెరుగు తోడు వేసి డబ్బాకెత్తండి. ఐదింటికి కలిపితే పదకొండింటికి సరిగ్గా తోడుకుని తియ్యగా ఉంటుంది. ఇంట్లోనే పెరుగు కలిపి తెస్తే అక్కడికి చేరేసరికి పులుస్తుంది. కొబ్బరి పచ్చడి తేవద్దు, అన్నిటికన్నా ముందు అదే పాడవుతుంది. ఊరగాయ ముక్క చాలు, బరంపురంలో దానికి కరువా.

దారిలో మాత్రం భోజనం కాదు, గుప్పెడు గుప్పెడు. ముఢీలో (మరమరాల్లో) వేయించిన పల్లీలు, చిన్న బెల్లం ముక్కలు కలిపి పిల్లల జేబులకి కాకుండా మీ సంచిలో ఉంచుకోండి. 20 నిమిషాలకోసారి ఆగి తలో గుప్పెడు, నాలుగు గుక్కల నీళ్ళు. పిల్లలు ఆకలని చెప్పరు, ఏడుపు లంకించుకుంటారు. అప్పుడు పెట్టినా వెంటనే కాళ్ళకి రాదు. అరటిపళ్ళు గట్టి డబ్బాలో పెట్టకపోతే గతుకుల్లో గుజ్జవుతాయి. ఛెనాపోడ, అంటే విరిగిన పాలముద్దని కాల్చి చేసే ఒడియా తీపి, తిరుగు దారికి దాచండి, ఇంకో కిలోమీటరు తొక్కించడానికి అంతకన్నా మంచి లంచం లేదు.

సముద్రం దగ్గర ఒక్కటే నియమం. గోపాల్‌పూర్ ఒడ్డు ఏటవాలు, వెనక్కి పోయే నీరు కాళ్ళ కింద ఇసుకని లాక్కుపోతుంది. పిల్లలకి చీలమండ దాటి నీళ్ళు రాకూడదు, ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద చెయ్యి. సైకిళ్ళని తడి ఇసుక మీదకి తేవద్దు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ వైపు వెళ్ళాలనుకుంటే, ఫిబ్రవరి, మార్చిలో అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వేలల్లో ఒడ్డెక్కుతాయి. ఆ ఇసుక మీద చక్రమే పెట్టొద్దు, దీపాలూ వెయ్యొద్దు.

గోపాల్‌పూర్ జనం నచ్చనివాళ్ళకి ఛత్రపురం దగ్గర తంపరా సరస్సు ఉంది, మంచినీళ్ళ సరస్సు, అలల బెడద లేదు. తప్తపాణి మాత్రం పిల్లల సైకిళ్ళకి కాదు. వేడినీటి బుగ్గ దాకా ఘాట్ రోడ్డు, దిగేటప్పుడు చిన్న సైకిల్ బ్రేకు రబ్బర్లు నిలబడవు. కోరాపుట్, రాయగడ కొండదారులకీ ఇదే మాట.

ఇల్లు చేరాక పిల్లలు పడుకున్నా సైకిళ్ళకి ఇంకో పావుగంట పని ఉంది. ఉప్పుగాలి, ఇసుక చైన్‌లో ఉండిపోతే వారంలో తుప్పు. బకెట్టు మంచినీళ్ళతో, తడిగుడ్డతో చైన్, రిమ్ములు, బ్రేకు రబ్బర్లు తుడవండి. పైపుతో జోరుగా కొడితే ఇరుసుల్లోకి నీళ్ళు పోతాయి. ఆరాక చైన్ లోపలివైపు లింకుకొక చుక్క చొప్పున కుట్టుమిషను నూనె వేసి, పెడలు ఇరవైసార్లు వెనక్కి తిప్పి, పైన మిగిలిన నూనె పొడిగుడ్డతో తుడిచేయండి. పైన నూనె మిగిల్తే దానికి మళ్ళీ ఇసుకే అంటుతుంది. రిమ్ము మీద చుక్క పడకుండా చూడండి, పడితే సబ్బునీళ్ళతో కడగాలి. హెల్మెట్ లోపలి మెత్తలు ఊడదీసి, ఉతికి, నీడన ఆరేయండి.